ఒక వైపే పూలున్న సంచి

మా ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఏడో తరగతి దాకా చదివాను. బాపు గొర్రెలు అమ్మడానికి ఆలేరు పోయినప్పుడల్లా రైలు స్టేషను దగ్గర పాత వారపత్రిక ఒకటి కొని తెచ్చేవాడు. నలుగురిలో నోరు విప్పని నేను, ఆ పత్రిక చేతికొస్తే గడ్డివాము నీడన కూర్చుని, అట్ట మీది బొమ్మ నుంచి చివరి పేజీలో తలనొప్పి మందు ప్రకటన దాకా చదివేదాన్ని. "పుస్తకంల ఉంది" అని నేనంటే ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. అది నాకు లోలోపల ఎంతో గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆ గర్వం గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

మా అన్న భార్యకు, అంటే మా వదినెకు, నల్లగొండ దవాఖానలో కాన్పులు చేసే పని నేర్చుకునే అవకాశం వచ్చింది. పేరు రాయించుకోవడానికి మొదటిసారి పోయినప్పుడు బట్టలు దుప్పట్లో మూట కట్టుకుని పోయింది. గేటు దగ్గరి మనిషి ఆ మూట చూసి, కొత్త గోడకు మట్టి మోసే కూలీల దగ్గర కూర్చోమన్నాడట. నోరు తెరిచి చెప్పుకోలేక పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. ఇంటికొచ్చి గడపలోనే మూట విసిరికొట్టింది.

"ఈసారి పోతే చేతిల సంచి పట్టుకొనే పోత. మూటతోని మాత్రం పోనే పోను" అంది.

"సంచి నేను కుడత వదినె, పుస్తకంల ఉంది" అన్నాను. ఎవరూ అడగకముందే నేను మాట్లాడిన సందర్భాలు చాలా తక్కువ. అది వాటిల్లో ఒకటి.

పత్రికలో నిజంగానే ఉంది. గుమ్మడికాయలా గుండ్రంగా, మెత్తగా, బొంతలాగా కుట్టిన సంచి. ఒక ఆమె దాన్ని భుజానికి తగిలించుకుని నవ్వుతున్న బొమ్మ. కింద గళ్ల మీద దాని ఆకారం. ఒక్కో గడిని అంగుళం లెక్కన పెంచి పాత కాగితం మీద గీసుకోవాలి. ఆ ఆకారానికి ఒక పక్క గుండ్రటి గీత ఉంది. రెండో పక్క గీత లేదు, నిలువుగా చుక్కలు మాత్రమే ఉన్నాయి. చుక్కలు కనబడితే గీత కలపడం ముగ్గులు వేసే చేతికి అలవాటు. నేనూ కలిపాను. ఆ గీత మీదే కత్తెర నడిపాను.

గుడ్డ వదినె ఇచ్చింది. బతుకమ్మ పండక్కి వాళ్లమ్మ పెట్టిన ఎర్రపూల గుడ్డ. రైక కూడా కుట్టించుకోకుండా పెట్టె అడుగున దాచుకున్నది. ముందుకొకటి, వెనకకొకటి రెండు ముక్కలు కత్తిరించాను. ఇంకా చాలా మిగిలింది. పొదుపుగా కత్తిరించానని సంబరపడి, మిగిలినదంతా కాడలకని, అంచులకని పీలికలు చేసి పెట్టాను.

లోపల పెట్టడానికి అవ్వ, అంటే మా అమ్మ, తన పాత చీర ఇచ్చింది, ఉతికి ఉతికి దూది అయిపోయినది. దాన్ని పొరలు పొరలుగా పెట్టి, బొంత కుట్టినట్టే పక్కపక్కన వరసలు కుట్టాను. నేను కుడుతుంటే అవ్వ దగ్గరికొచ్చి ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేంది బిడ్డా, ఒక దిక్కే కడుపొచ్చినట్టుంది?"

"పుస్తకంల గట్లనే ఉందవ్వా."

"ఏమో మరి, సదువుకున్నదానివి" అని అవ్వ వెళ్లిపోయింది.

నాకూ అనుమానం రాకపోలేదు. కానీ అన్నీ కలిపి కుట్టి తిరగేస్తే గుండ్రంగా వస్తుందనుకున్నాను. కళ్ల ముందున్న ముక్క కన్నా అచ్చులో ఉన్న బొమ్మనే ఎక్కువ నమ్మాను.

ప్రయాణానికి ముందురోజు పొద్దున వాకిట్లో కూర్చుని ఆఖరి కుట్టు వేసి తిరగేశాను. సన్నగా, పొడుగ్గా, ఒక పక్కకు ఉబ్బి బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే పక్కింటి పెద్దమ్మ మజ్జిగకు వచ్చింది.

"ఏందే పిల్లా అది! మేకపోతు తొడ లెక్కుంది. కూరకా, ఊరికా?"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వదినె నవ్వలేదు. నా చేతిలోంచి సంచి తీసుకుని లోపల చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా దిగి అక్కడే ఇరుక్కుంది.

"దువ్వెన పడుతది. చీర పట్టదు" అంది మెల్లగా.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను నేల మీద ఎర్ర పీలికలు ఏరుతూ కూర్చున్నాను. వాళ్లమ్మ పెట్టిన గుడ్డ అది.

వదినె కాసేపు ఆ సంచి వైపే చూసింది. తర్వాత కత్తెర కొనతో పక్క కుట్లు విప్పి, రెండు ముక్కల్నీ చాప మీద పరిచి, నిలువు అంచులు ఒకదానికొకటి ఆనించింది. పత్రికలోని గుమ్మడికాయ అక్కడ ప్రత్యక్షమైంది. అప్పుడు తెలిసింది నాకు. ఆ చుక్కలు కత్తిరించమని కాదు. గుడ్డను మడతపెట్టి, చుక్కలున్న పక్కను మడత మీద ఆనించి, అక్కడ కోయకుండా వదిలెయ్యాలి. నేను గీసింది సగం సంచి.

రెండు సగాలూ కలిస్తే ముందు భాగం వచ్చింది. మరి వెనక? ఎర్రగుడ్డంతా పీలికలయ్యింది. అవ్వ లోపలికి పోయి, బియ్యం నూకలు పోసుకునే పిండి బస్తా ఖాళీ చేసి దులుపుకుంటూ వచ్చింది. తెల్లటి గట్టి గుడ్డ. దాని నడుమ పెద్ద పెద్ద నీలం ఇంగ్లీషు అక్షరాలు ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. ఆ అక్షరాలు చదవడం నాకు రాదు. మధ్యాహ్నమంతా వదినె, నేను చెరో పక్కన కూర్చుని కుట్టాము. పూలకూ బస్తాకూ నడుమ సూది కష్టంగా దిగేది.

"పూల దిక్కు బయటికి పెట్టుకుంట తియ్యి. బస్తా దిక్కు నాకు ఆనుకొని ఉంటది, ఎవలకు కనపడుతది?" అంది వదినె. ఆ మాట తనకు చెప్పుకుందో, నాకు చెప్పిందో తెలియలేదు.

మర్నాడు బాపు, నేను ఆమెను రామన్నపేటలో బస్సెక్కించడానికి పోయాము. దారి పొడుగునా వదినె మోచేత్తో సంచిని ఒంటికి అదిమిపెట్టుకునే నడిచింది. నేను కావాలనే సంచి ఉన్న పక్కనే నడిచాను, అది తిరిగినా ఎదురొచ్చే వాళ్లకు బస్తా కనబడకుండా.

బస్సు దగ్గర తోపులాట. వదినె ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కబోయేసరికి సంచి గిర్రున తిరిగింది. నీలం అక్షరాలు కండక్టరు ముఖానికి ఎదురుగా వచ్చాయి.

"ఓ అమ్మా, బస్తాలు మీద ఎయ్యాలె. లోపలికి తేవొద్దు."

మూట పట్టనని పంతం పట్టిన మనిషికి, ఇంకా ఊరు దాటకముందే ఆ మాట నా వల్ల పడింది.

వదినె మెట్టు మీదే ఆగి సంచిని తిప్పింది. "బస్తా గాదన్నా, సంచి. మా ఆడబిడ్డ పుస్తకం జూసి కుట్టింది. అగో, ఆ పిల్లనే!"

బస్సులో కిటికీల దగ్గర కూర్చున్న వాళ్లంతా నా వైపు తిరిగారు. కండక్టరు ముందు పూలు, వెనక అక్షరాలు రెండూ చూశాడు.

"పుస్తకం సగమే సదివిందా ఏంది?"

అందరూ నవ్వారు. వదినె కూడా నవ్వుతూనే లోపలికి పోయింది, సంచితోనే. నేను బాపు గొంగడి చాటుకు జరిగాను. బస్సు కదులుతుంటే వదినె నన్ను పిలిచింది. రెండోసారి కూడా పిలిచింది. తలెత్తితే ఆ కిటికీలన్నీ కనబడతాయని చెప్పుల వైపే చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి రాగానే అవ్వ అడిగింది.

"సంచి మంచిగుందన్నరా?"

"ఒళ్లె పెట్టుకొని కూసున్నదవ్వా. మీద ఎయ్యలే" అని కళ్లతో చూసినట్టే చెప్పి, గొర్రెలకు నీళ్లు పెట్టాలని దొడ్లోకి పోయాను.