కామాక్షయ్య గారి దగ్గు

కామాక్షయ్య గారికి ఒక్క దగ్గు తప్ప మరే జబ్బూ లేదు. అది కూడా కెమెరా తిరుగుతున్నప్పుడే వచ్చేది.

కృష్ణపట్నం దగ్గర ఆయన తాతగారు కట్టించిన మేడ ఉండేది. పొడవాటి స్తంభాల హాలు, సముద్రం వైపు వరండా. జమీందారు ఇల్లు కావలసిన మద్రాసు సినిమా కంపెనీలన్నీ అక్కడికే వచ్చేవి. నేను అలాంటి ఒక కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరును. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎక్కడ ఉప్పుగాలి తగిలినా నా మనసు ఆ హాల్లోకే పోతుంది.

మేడ ఇవ్వడానికి ఆయన షరతు ఒక్కటే. ఏ సినిమా అయినా సరే, ఒక పెళ్లి విందు అక్కడ తీయాలి. అన్నం, పప్పు నిజమైనవి వడ్డించాలి. పెళ్లివారుగా ఆ చుట్టుపక్కల జనమే కూర్చోవాలి.

"మాది హత్య కథండీ" అన్నాను.

"చంపినోడి తమ్ముడికి పెళ్లి పెట్టుకోండి నాయనా. వాళ్లింట్లో మాత్రం శుభకార్యం జరగొద్దా?"

అది 1961 కార్తీకం. మూడు వారాలుగా ముసురు పట్టి, పడవలు సముద్రంలోకి పోలేదు. మేము విందు మొదలుపెట్టాం. మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తున్నాం కనుక చిన్న చప్పుడైనా షాటు పాడైనట్టే. జనం తిన్నారు. షాటు ముగుస్తుందనగా స్తంభం వెనక ఖళ్లుఖళ్లుమని దగ్గు.

"నేతి వాసన నాకు పడదు నాయనా."

ఎంగిలి విస్తళ్లు తీసి మళ్లీ వడ్డించాం. తిన్నవాళ్లు లేవడం, తిననివాళ్లు కూర్చోవడం మన విందుల్లో మామూలే కనుక నాకు అనుమానం రాలేదు. రెండోసారి దగ్గుకు కారణం ఇంగువ. మూడోసారి మైకు.

"అదట్టా నా మొహానికి ఎదురుగా పెడితే దగ్గు రాకుండా యాడికి పోద్ది?"

మైకు పక్కకు తిప్పాం. తిప్పేశారన్న దిగులుతో నాలుగోసారి దగ్గారు. ఐదోసారికి డైరెక్టరు గారు ఆయన్ని ఆయన ఇంట్లోంచే బయటికి పంపమన్నారు. ఆ గౌరవం నాకే దక్కింది. ఆయన్ని గేటు దాకా తీసుకొచ్చాను.

గేటు బయట గోడవారన పేరమ్మ అనే, చేపల వేట మీద బతికే పల్లెకార ముసలామె, మనవరాళ్లతో, మరో ఇరవై మందితో కూర్చుని ఉంది.

"మా బంతి ఎప్పుడయ్యా?" అంది.

"ఏ బంతి?"

"అయిదు బంతులు లేచినాయి. ఆరోది కూర్చుండాది. మాదే ఆఖరిది. దగ్గు ఇనపడంగానే రమ్మన్నాడు అయ్యగారు."

నేను కామాక్షయ్య గారి వైపు చూశాను. ఆయన తల దించుకున్నారు.

"మా తాత నాడు కార్తీకమంతా ఆ హాల్లో విస్తళ్లు లేస్తానే ఉండేవంట. నా కాలానికి మేడ మిగిలింది, బియ్యం మిగల్లేదు. పదిమంది కూర్చోని తింటా ఉంటే ఆ చప్పుడు ఇనాలని ఉంటాది నాయనా."

లోపల "స్టార్ట్" అన్నారు. నేను హాల్లోకి పరిగెత్తాను. షాటు బ్రహ్మాండంగా వస్తోంది. నాకు నటన చేతకాదు, దొంగ దగ్గు అసలే రాదు. పక్కనున్న ఇత్తడి బిందెను ఒక్క తన్ను తన్నాను. అది హాలు ఆ చివరిదాకా దొర్లింది.

డైరెక్టరు గారు నన్నేమన్నారో రాస్తే బాగుండదు. అన్నీ విని, మళ్లీ వడ్డించమని చెప్పి, పేరమ్మ వాళ్లని లోపలికి తీసుకువచ్చాను. కామాక్షయ్య గారు మాత్రం గేటు దగ్గరే గోడకు చెవి ఆనించి నిలబడ్డారు. దాటి వెళుతున్న నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నారు:

"తొందరపడి విస్తళ్లు తీసేయబాకండి నాయనా. పిల్లకాయలు మారు అడుగుతారు."