నేను రాసిన పాత తత్వం

మశూచితో తమ్ముడు పోయాక అమ్మ పాట మానేసింది. అంతకుముందు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నంతసేపూ ఏదో ఒక తత్వం పాడుకునేది. నిజామాబాదులోని మా ఇరుకింట్లో ఇక ఆకు కోసే కత్తెర చప్పుడే మిగిలింది.

దేవుడి మీద కసితో నేనే రెండు పంక్తులు రాసి, పాత తత్వమని అబద్ధమాడి చదివాను:

“దీపమార్పిన గాలీ, 
ఈ చీకట్లో నువ్వైనా చెయ్యి పట్టుకో.”

అమ్మ చేతిలో కత్తెర ఆగింది. 

“మల్లొక్కసారి సదువు బిడ్డా. గిది రాసినాయనకు గూడ కొడుకు పోయిండేమో,” అంది.

రాసింది నేనేనని ఎన్నడూ చెప్పలేదు. మర్నాటి నుంచి అమ్మ ఏడుస్తూనే అది పాడేది. దేవుణ్ణి నమ్మడం మానేసిన నేను, నా అబద్ధం ఆమె గొంతులో విన్నప్పుడల్లా చేతులు జోడించేదాన్ని.