దారోగా మూడో పిలుపు

రహమత్ బీ అరవై ఎనిమిదేళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా పరాయి దేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో ఒకే ఫ్లాటు, తొమ్మిదో అంతస్తు. పదహారేళ్లు ఒక స్కూలు క్యాంటీన్‌లో గరిటె తిప్పింది. ఆమె గురించి ఎవరూ ఏమీ రాయరు. ఆమె పూర్వీకుడి గురించీ రాయలేదు.

ఆయన పేరు అమానుల్లా. ఆరువందల ఏళ్ల కిందట మంజీర ఒడ్డున ఒక ఖాన్‌ఖాలో, అంటే సూఫీల మఠంలో, వంటశాల బాధ్యత చూసే దారోగా. మఠానికి ఊళ్లు రాసిచ్చిన సుల్తానుల పేర్లు పుస్తకాలకెక్కుతాయి. గంజి కాచి పోసినవాడి పేరు ఎవరికి కావాలి? అది ఇంటివాళ్ల నోళ్లలోనే మిగిలింది.

రోజూ మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక ఆయన గుమ్మంలో నిలబడి "ఇంకెవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు పిలిచేవాడట. జవాబొస్తే పెట్టాలి. తిన్నవాడు మూడుసార్లు "చాలు" అనేదాకా దారోగా ముద్ద ముట్టకూడదు. కరువు ఏట ఒకరోజు, గిన్నె ఖాళీ అయిందని రెండుసార్లే పిలిచి లోపలికి పోయాడు. తెల్లారి గోడవారగా ఒక మనిషి చచ్చిపడి ఉన్నాడు. ఆ తర్వాత ఆయన పోయేదాకా మూడో పిలుపు మానలేదు. గిన్నెలో లేని రోజు తన వాటా పెట్టాడు.

ఏటా ఆయన ఉరుసు రోజున ఆ వంశంలో ఒకరు కిచిడీ వండి, అలాగే పిలవాలి. కొడుకులు లేని తండ్రి ఆ పని రహమత్ బీకి అప్పగించాడు. ఈ కారిడార్‌లో ఆమెకు జవాబు చెప్పేది ఒక్కడే, ఎదురు ఫ్లాటులో ఒంటరిగా ఉండే లిమ్ అంకుల్. మూడో పిలుపుకు ఇనుప గ్రిల్ మీద చెంచాతో టంగుమని కొట్టేవాడు. తిన్నాక, ఆమె నేర్పిన ఒకే ఒక్క తెలుగు మాట మూడుసార్లు అనేవాడు.

పోయినేడు రెండో పిలుపు కాగానే కొడుకు అద్నాన్ ఆమె చేయి పట్టి లోపలికి లాగాడు. తంజోంగ్ పగార్‌లో బ్యాంకు ఉద్యోగం అతనిది. నలుగురి చూపులంటే భయం.

"బస్ అమ్మీ, ఇజ్జత్ పోతున్నది. ఎవరన్న కంప్లెయింట్ ఇస్తరు. ఆకలైనోడు కింద హాకర్ సెంటర్‌కు పోయి కొనుక్కొని తింటడు గని, నీ కిచిడీ కోసం కూసుంటడా?"

ఆమె వచ్చేసింది. వారం తర్వాత వాసనొస్తే పోలీసులు ఎదురు తలుపు తెరిపించారు. లిమ్ అంకుల్ కాలు విరిగి పడిపోయాడట. పడ్డాక రెండు మూడు రోజులు బతికే ఉన్నాడట. ఏ రోజు దాకా అన్నది ఎవరూ చెప్పలేదు. మూడోసారి పిలిచి ఉంటే చెంచా మోగేదా? ఏడాదంతా రహమత్ బీని ఆ ఒక్క ప్రశ్నే తొలిచింది.

ఈ ఏడు అద్నాన్ సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఎదురిల్లు ఖాళీ. గ్రిల్‌కు గొలుసు, తాళం. ఎండ కారిడార్ అంతా పరుచుకుని ఉంది. ఆమె గుమ్మంలో నిలబడి ఒకసారి పిలిచింది. రెండోసారి పిలిచింది. కొడుకు వైపు చూసి మూడోసారి పిలిచింది.

టంగ్.

"లిఫ్టు చప్పుడు, అమ్మీ."

"లిఫ్టు చెంచా పట్టుకుంటదా?"

కంచంలో కిచిడీ పెట్టి, పక్కన చెంచా ఉంచి, ఎదురు గడపలో పెట్టి వచ్చింది. తన కంచం ముందు కూర్చుంది. ముట్టలేదు. షుగర్ మాత్ర పొద్దున్నే వేసుకుంది. మూడు గంటలకు ఆమె చేతులు వణకడం మొదలైంది.

"జెర తిను అమ్మీ. అది ఖాళీ ఇల్లు!"

"పిలిచింది నేను. ఎట్ల తింట?"

అద్నాన్ విసురుగా వెళ్లి, ఎదురు గ్రిల్ దగ్గర ఒంగి, తిరిగి వచ్చాడు. "చాలు, చాలు అన్నడు. నేను విన్న. ఇగ తిను."

చెవి పట్టుకుని లాక్కుంటున్నాడు. చిన్నప్పుడూ అబద్ధమాడితే అంతే.

"రెండేనా?" అంది ఆమె. "ఇంకోటి రావాలె బేటా."

అతను ఆ మూడోదీ చెప్పేయడానికి నోరు తెరిచాడు. అంతలో అతని వీపు వెనక, గొలుసుకు అవతల నుంచి, ముసలి గొంతు ఒకటి మెల్లగా అంది.

"చాలు."

అద్నాన్ వెనక్కి తిరగలేదు. ఉన్నచోటే గోడకు జారగిలి కూర్చుండిపోయాడు. రహమత్ బీ బిస్మిల్లా అని చల్లారిన ముద్ద కలిపి నోట పెట్టుకుంది. నమిలి మింగాక ఎదురు గడప వైపు చూసింది.

కంచం నిండుగానే ఉంది. చెంచా లేదు.