పాలవాడి ఇంట్లో నీళ్ళ చదువు

మొగులయ్యకు కూతురి చదువంటే ఒళ్ళుమంట. చదివినందుకు కాదు, నీళ్ళ మీద చదివినందుకు. ముప్పై ఏళ్ళుగా బేగంబజార్‌లో పాలు పోసేవాడి ఇంట్లో నీళ్ళ మాటెత్తితే లోకం ఊరుకుంటుందా? అందుకే ఎవరడిగినా "ఎక్స్‌రే చదువుతున్నది" అని తప్పించుకునేవాడు. దాంతో పక్కింటి నాగమణమ్మ తన మోకాలి ఫిల్మ్ పట్టుకొని మూడుసార్లు వచ్చింది.

మూడోసారి కూతురు వర్షిత ఆమెను కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పేసింది. సన్నటి ధారగా పారే నీటిని కాంతి మెరుపుతో కదిలించి, వెంటనే ఎక్స్‌రే మెరుపు కొడతారట. ఆ కిరణాలు ఎటు చెదిరాయో చూసి, రెప్పపాటును కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కలో ఎలక్ట్రాన్లు ఎటు కదిలాయో లెక్కగడతారట. నాగమణమ్మకు నీళ్ళు ఒక్కటే అర్థమయ్యాయి. ఊరి మూతికి మూకుడు పెట్టగలమా? మాట మిఠాయి దుకాణం వైకుంఠం దాకా పోయింది.

మర్నాడు పొద్దున మొగులయ్య క్యాన్ దించగానే, వైకుంఠం పదిమంది ముందు అందుకున్నాడు.

"నీళ్ళు పోసేది బాపు, నీళ్ళల్ల చూసేది బిడ్డ. ఇల్లంత ఒకటే ధందా."

అందరూ నవ్వారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మొగులయ్య ఎగిరిపడ్డాడు. ఒక్క చుక్క నీళ్ళున్నా నీ గల్లీ తొక్కనన్నాడు. నా బిడ్డ సైన్సు చదివింది, దాన్నే అడుగమని ఫోన్ చేసి పిలిపించాడు. ఒక బర్రె వట్టిపోయిందని ఆ పొద్దునే రెండు చెంబులు కలిపిన సంగతి అతనొక్కడికే తెలుసు. కన్నకూతురు తండ్రి పరువు తీస్తుందా అని అతని ధీమా.

వర్షిత వచ్చింది. వైకుంఠం బొటనవేలి గోటి మీద పాలచుక్క వేసి వంచాడు. చిక్కటి పాలైతే తెల్లటి చార మిగలాలి, ఈ చుక్క ఏమీ మిగల్చకుండా జారిపోయింది. కానియ్, చెప్పు అన్నట్టు మొగులయ్య గుడ్లురిమాడు. ఆమె ఆ గోటిని చూసి తండ్రి వైపు తిరిగింది.

"మా ల్యాబ్‌ల సీసాల పోసే నీళ్ళకు గూడ యాడియో రాస్తం, బాపు. ఇవి యాడియి?"

మొగులయ్యకు ఆమె చెంప పగలగొట్టాలనిపించింది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. నవ్వినా బాగుండుననుకున్నాడు.

"నల్లా నీళ్ళు," అన్నాడు.

క్యాన్ ఎత్తుకున్నాడు. దాని రెండో వైపు పిడి పట్టబోయిన కూతురి చెయ్యి విదిలించేశాడు. అన్న మాట మాత్రం తప్పలేదు, ఆ గల్లీ మళ్ళీ తొక్కలేదు.