పప్పు ఉడికే నీళ్ళు

డెబ్బైల్లో నేను చిత్తూరు దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చిన వారానికే, ఎగువనున్న చక్కెర మిల్లులో తొట్టి పగిలి చెరకు మడ్డంతా మా వంకలోకి దిగింది. నీళ్ళు నల్లబడ్డాయి. చేపలు వెల్లకిలా తేలాయి. చీమలు మాత్రం పండగ చేసుకున్నాయి.

ఊరంతా తాగేదీ వండేదీ వంక ఇసకలో తవ్విన చెలమల నీళ్ళే. అవి పోయాక ఉప్పుబావే దిక్కయింది. ఆ నీళ్ళతో వండితే ఉప్పు వెయ్యాల్సిన పనే లేదు గానీ, కందిపప్పు మాత్రం పొద్దున ఎక్కిస్తే మధ్యాహ్నానికీ గులకరాళ్ళే. ఇరుగుపొరుగు ఇళ్ళలోనూ అదే కథ. అయినా మా అత్తకు నా చేతి మీదే అనుమానం.

“మీయమ్మ పప్పు వండేది గూడా నేర్పీలేదా?” అనేది.

నాకు ఒళ్ళు మండేది. మా పుట్టింటి పరువు ఆ కుండలో ఉడక్కుండా కూర్చుంది.

ఊరు గొడవ చేస్తే ఒకరోజు మిల్లు మేనేజరు వచ్చి మా అరుగు మీద కూర్చుని, “వానలొస్తే మడ్డంతా అదే కొట్టుకుపోతుందమ్మా” అన్నాడు. మా అత్త ఆయన్ని లేవనిస్తేగా! ఆకేసి, అన్నంలో నా పప్పు వడ్డించింది.

“తినండి సామీ. మా కోడలు పొద్దన్నించీ ఉడకేస్తానే ఉండాది.”

ఆయన రెండు ముద్దలు నమిలి దవడ పట్టుకున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే మిల్లు ట్రాక్టర్లూ కూలీలూ వంకలోకి దిగారు.

మడ్డి పట్టిన ఇసకను మేమూ గంపలకెత్తాం. పేడదిబ్బలో కలిపితే ఎరువవుతుందని రైతులు దానికోసం పోట్లాడుకున్నారు. తర్వాత కొత్త చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళు ఊరినట్టే తోడి గట్టవతల పోశాం. మా అత్తా నేనూ ఒకే చెలమ దగ్గర, పంతానికి పోయి తోడాం. నడుములు విరుగుతున్నా నవ్వులకు కొదవ లేదు. రెండు వారాలకు పులుపు వాసన పోయి తేట నీళ్ళు ఊరాయి.

మా అత్త బిందె నింపి నా చేతికిచ్చింది. “పో, పప్పెక్కించు. నీళ్ళ తప్పో నీ తప్పో ఈ పొద్దు తేలిపోతాది.”

ఏడుకొండలవాడికి మొక్కుకుంటూ పొయ్యి ఊదాను. పప్పు గరిటె తగలగానే వెన్నలా మెదిగింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

అత్త ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

“బాగా ఉడికినాది. ఉప్పేదమ్మే?”

ఉప్పుబావి అలవాటులో ఒక్క ఉప్పుకల్లు కూడా వెయ్యలేదు!

“ఇది మాత్రం నీ తప్పే” అని పగలబడి నవ్వి, ఉప్పు కలుపుకుని, అన్నం మారు వడ్డించమని ఆకు నా వైపు జరిపింది.