గోలీల మిషనుకు ఈ రోజు ధర

మొన్న మా తమ్ముని కొడుకు ఒక పెద్ద మందుల కంపెనీ వార్షిక నివేదిక తెచ్చి నా ముందు పడేశాడు. అందులో వాడికి పది షేర్లున్నాయట. అద్దాలు పెట్టుకుని రెండు రోజులు చదివాను. ఆస్తులనూ అప్పులనూ 'సముచిత విలువ'తో ఎట్లా కొలిచారో ఆరు పేజీలు రాసుకున్నారు. బజారులో నిలకడైన ధర ఉంటే అది మొదటి మెట్టు. లేకపోతే అలాంటి వస్తువే ఇంకోచోట ఎంతకు పోయిందో చూడడం రెండో మెట్టు. అదీ దొరక్కపోతే తమకు తెలిసినదాన్ని బట్టి తామే లెక్క కట్టుకోవడం మూడో మెట్టు. చదువుతుంటే ఒళ్లు మండింది. ఇవే మాటలు ఎనభైల్లో కరీంనగర్‌లో ఒక రేకుల షెడ్డులో నిలబడి అన్నందుకే కదా నా నౌకరీ పోయింది!

నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాదంతా పాత కాగితాల దుకాణంలో తూకానికి కొన్న చిరిగిన పుస్తకాలు నేర్పిందే.

ఆ షెడ్డులో జ్వరం గోలీలూ దగ్గు మందూ తయారయ్యేవి. ఇద్దరు భాగస్తులు, చెరి సగం. ఒకాయన హుస్నాబాద్ దిక్కు భూములున్న పటేలు, పైసలు పెట్టాడు. ఇంకొకాయన దవాఖానాలో ఏళ్ల తరబడి మందులు కలిపి చేయి తిరిగినవాడు, అందరం భాయ్‌సాబ్ అనేవాళ్లం. సరుకు గది, రిజిస్టరు నావి.

గోలీలు కొట్టే మిషనుకు పదహారు అచ్చులుండేవి. ఒకదాని అంచు చెక్కుకుపోయి, దానిలోంచి వచ్చే ప్రతి గోలీ మీదా ఏటవాలుగా సన్నని గీత పడేది. మార్పించమంటే భాయ్‌సాబ్ నవ్వేవారు. "జ్వరం గీత చూసి తగ్గుడు బంద్ చేస్తదా మియా?" అనేవారు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. శివరాత్రి జాతర ముందు వేములవాడ దుకాణాలవాళ్లు పెట్టెలకు పెట్టెలు దింపుకునేవారు. అమ్ముడుపోక తారీఖు దాటిన సరుకును మేము వాపసు తీసుకుని, దాని బదులు కొత్తది ఇచ్చేవాళ్లం. వాపసు వచ్చినదాన్ని పూడ్చిపెట్టాలి. పటేలు పూడ్చనిచ్చేవాడు కాదు, ఆ ఏడు నష్టం కనబడుతుందని. మంచి అట్టపెట్టెల్లోకి సర్ది, మంచి సరుకు పక్కనే పేర్చి, రిజిస్టరులో పూర్తి ధరకు ఎక్కించమనేవాడు. ఎక్కించాను. ఆ రాత నాదే, దాచను.

ఒక ఎండాకాలం భాయ్‌సాబ్ గుండె ఆగి పోయారు. నలభై రోజులు దాటాక ఆయన భార్య తన సగం కోసం వచ్చింది. ఆమెను మేం భాభీ అనేవాళ్లం. ఇద్దరు ఆడపిల్లలు బడికి పోతున్నారు, ఆ సగం తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు. చేతిలో ఉన్న రొక్కం, దుకాణాల బాకీలు అప్పటికే చెరి సగం పంచుకున్నారు. షెడ్డు కిరాయిది. మిగిలింది సరుకు, మిషను.

పటేలు హైదరాబాద్ నుంచి ఆడిటరును పిలిపించాడు. ఆయన దుమ్మంటూ సరుకు గదిలో కాలు పెట్టలేదు. గడప ఇవతల కుర్చీ వేయించుకుని, వేలు చూపిస్తూ పెట్టెలు లెక్కపెట్టాడు. ముప్పై పెట్టెలు, పెట్టెకు రెండు వేల చొప్పున అరవై వేలు. మిషను కొని పదిహేనేళ్లయింది కనుక, ఏటేటా అరుగుదల తీసేస్తే నాలుగు వేలు. చాయ్ చల్లారకముందే కొలత అయిపోయింది.

పటేలు గొంతు మెత్తగా చేశాడు. "భాభీ, మాల్ మొత్తం నువ్వే తీస్కో. గీ పాత ఇనుము నాకు ఇడిసిపెట్టు. భాయ్ లేకపాయె, నీకు జర ఎక్కువే పోనీ."

"మీరెట్లంటే గట్లనే పటేలా," అని భాభీ కలం అందుకుంది.

నా వల్ల కాలేదు. రెండో వరుసలోంచి ఒక పెట్టె లాగి, తాడు కోసి, గోలీల షీటు ఆడిటరు ముందు పెట్టాను.

"సార్, గీ తారీఖు సదువుండ్రి."

ఆయన అద్దాలు తుడుచుకున్నాడు. "గడువు తీరి ఏడు నెలలైంది. రిజిస్టరులో పూర్తి ధర ఉందే! ఎవరు రాశారు?"

"నేనే రాసిన. రాస్తే గవి మంచిగైతయా సార్? గీ పెట్టె మీరైతే ఎంతకు కొంటరు?"

పటేలు లేచాడు. "ఐదు సదివినోడు ఆడిటర్ సాబ్‌కు పాఠం చెప్పవట్టె! ఏంరా, భాభీ ఎంత ముట్టజెప్పింది నీకు?"

ముప్పైలో ఇరవై రెండు పెట్టెలు వాపసు సరుకే. మంచివి ఎనిమిది, పదహారు వేలు. ఇక మిషను. కిందటేడు పటేలే ఇలాంటిదే ఇంకోదాన్ని బేరం చేయడానికి హైదరాబాద్ పోయి, ధర రాసిన కాగితం తెచ్చి దాచమని నాకిచ్చాడు. అది తీశాను.

"గా మిషను మనదానికన్న రెండేండ్లు పాతది. నలభై వేలకు రూపాయి తగ్గనన్నడు. మీరు వద్దని వచ్చినంక ఇంకోడు గదే ధరకు కొనుక్కపోయిండు. మీరే చెప్పిండ్రు కదా పటేలా!"

"పుస్తకంలో నాలుగు వేలే ఉంది," అన్నాడు ఆడిటరు.

"పుస్తకమొచ్చి మిషను కొంటదా సార్? తొందర లేనోడు అమ్మితే, ఎరుకున్నోడు ఇయ్యాల ఎంతకు కొంటడో గది రాయుండ్రి."

అక్కడితో నోరు మూసుకుంటే అయిపోయేది. కాని కొలత ఒక దిక్కుకే ఉంటే అది కొలతేనా?

"ఇంకోటున్నది భాభీ. దుకాణాలల్ల ఉన్న మాల్ జరంత మళ్ల వాపసొస్తది. గదీ అప్పే, కాయితం మీద లేదంతే. గా బరువు ఇంకోని నెత్తికెత్తాల్నంటే ఎనిమిది వేలడుగుతడు. సగం నీదే."

భాభీ మొహం ఎర్రబడింది. "అన్నా, నువ్వు ఎవరి దిక్కు? మనిషి పోయి నేను పరేషాన్ల ఉంటే, మీదికెళ్లి అప్పు మోపుతవా?"

"గిప్పుడు మంచిగ చెప్పినవ్ రా," అని పటేలు నవ్వాడు.

తల కొట్టుకోవాలనిపించింది. ఒక అట్టపెట్టె వెనకవైపు లెక్క రాశాను. మిషను నలభై, మంచి సరుకు పదహారు, వాపసు బరువు ఎనిమిది తీసేస్తే మొత్తం నలభై ఎనిమిది వేలు. ఒక్కొక్కరికి ఇరవై నాలుగు. మిషను భాభీ తీసుకుని, సరుకూ వాపసు బరువూ పటేలుకు వదిలితే, ఆమె పటేలుకు పదహారు వేలు బాకీ. మధ్యాహ్నం దాకా అరుచుకున్నారు. మిషను లేనిదే పటేలుకు గోలీ రాదు. చివరికి నెలకు ఎనిమిది వందల కిరాయికి ఒప్పుకున్నాడు. నాలుగు వందలు భాభీ చేతికి, నాలుగు వందలు బాకీ కింద కోత.

ఒకటో తారీఖున పటేలు నన్ను పొమ్మన్నాడు. ఏటా రంజాన్‌కు భాభీ ఇంటి నుంచి వచ్చే సేమ్యా గిన్నె ఆ ఏడు రాలేదు. న్యాయంగా కొలిస్తే దక్కింది ఇదీ!

మందమర్రిలో ఒక మెడికల్ షాపులో కుదిరాను. అక్కడికీ పటేలు గోలీలు వచ్చేవి. పెట్టె రాగానే షీటు వెలుతురుకు పట్టి గీత కోసం వెతికేవాణ్ణి. గీత కనబడితే మిషను తిరుగుతున్నట్టు, భాభీకి కిరాయి ముడుతున్నట్టు. అట్లా ఏళ్లు గడిచాయి. తొంభైల మొదట్లో ఒక పెట్టె వచ్చింది. పది షీట్లు చూశాను, యాభై చూశాను, ఒక్క గోలీ మీదా గీత లేదు. పటేలు కొత్త మిషను కొని, భాభీదాన్ని మూలకు నెట్టాడని అనుకున్నాను. ఆ ఆదివారమే బస్సెక్కి కరీంనగర్ పోయాను.

భాభీ తలుపు తీసి గుర్తుపట్టింది.

"మిషను ఏడున్నది భాభీ?"

"ఏడుంటది, షెడ్డుల్నే ఉన్నది. గీత పడుతున్నదని పటేల్ కిరాయి తగ్గిస్తనన్నడు. నా మిషను కాదు? నేనే అచ్చు మార్పిచ్చిన. కిరాయి వంద పెంచిచ్చుకున్న."

లోపలికి రమ్మంది. చాయ్ పెట్టింది. కప్పు చేతికిస్తూ అడిగింది. "అన్నా, ఇయ్యాల దాని ధర ఎంతుంటది?"

"ఎవరన్న కొనేటోడు అడిగిండా?"

"అడగలే. ఎరుకుండాలె గద."

లెక్క వేయడానికి జేబులో కాగితం లేదు. ఆమె కూతురి నోటుబుక్కులోంచి ఒకటి చింపి ఇచ్చింది.