లాగి చూడందే నమ్మని మనిషి

తాళం వేశాక రెండుసార్లు లాగి చూడందే ఆయన అక్కణ్ణించి అడుగు కదపడు. వేసింది తన చేత్తోనే అయినా, బాగుచేసింది తనే అయినా సరే. తాళాలు బాగుచేయడం, మారు తాళంచెవులు కోయడం ఆయన వృత్తి. వీధిలో అందరూ తాళాలాయన అంటారు, చాటున మాత్రం అనుమానాల పుట్ట అంటారు. బస్సు వేళకి వచ్చిందంటే అది మనం ఎక్కాల్సింది కాదేమోనని ఆయనకి బెంగ. ‘అనుమానం పెనుభూతం’ అని భార్య ఓసారి విసుక్కుంటే, ఆ మాట నీకెవరు ఎక్కించారని ఆరా తీసిన ఘనుడు!

ఆ అనుమానాలన్నింటికీ పెద్దన్న క్రికెట్ జట్టు ఎంపిక. దేశం తరఫున ఆడేవాళ్ల పేర్లు ప్రకటించినప్పుడల్లా ఆయన కొట్టుకి ఎదురుగా ఉన్న మంగలి తన షాపులో టీవీ గొంతు పెంచేవాడు. తాళాలాయన ఆకురాయి పక్కన పెట్టి ఒక్కో పేరుకీ తీర్పు చెప్పేవాడు. ఇతను ఎవరి అల్లుడో కనుక్కోండి. ఈ అమ్మాయి వెనక ఏ కంపెనీ ఉందో చూడండి. పైనుంచి ఫోన్ రాకుండానే ఇదంతా జరిగిందంటారా? సొంత ఆటతో జట్టుకెక్కిన మనిషి ఆయన లెక్కలో ఇంతవరకూ పుట్టలేదు. అందరి బండారాలూ తన కొట్టు బల్ల వెనక కూర్చునే తెలిసిపోయేవాయనకి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

అలాంటాయన కూతురు మహిళల జాతీయ జట్టుకి వికెట్ కీపర్‌గా ఎంపికైంది.

అదీ ఏ గొడవా లేకుండా కాదు. ఏళ్ల తరబడి ఆడుతూ, బోలెడు పరుగులు చేసిన సీనియర్ కీపర్‌ని పక్కనపెట్టి ఈ పిల్లని తీసుకున్నారు. ఈ పిల్ల పరుగులు అంతంతమాత్రం. టీవీలో కోటు వేసుకున్నవాళ్లంతా బల్లలు గుద్దారు. ఈ అమ్మాయి ఎవరు, ఎవరి మనిషి అని అడిగారు. అచ్చంగా తాళాలాయన మాటలే!

మంగలికి ఇంతకన్నా పండగ ఏముంది? వీధికి అడ్డంగా వచ్చి నిలబడి, “బావా, పైనుంచి ఫోన్ ఎవరు చేశారేంటి?” అన్నాడు.

పదిమందీ నవ్వారు. తాళాలాయన నవ్వలేకపోయాడు. అప్పుడే టీవీలో ఎంపిక సంఘం అధ్యక్షురాలి ముఖం చూపించారు. ఆవిణ్ణి ఆయన ఎరుగును.

పోయిన నెల ఒకావిడ ఇంటి వీధి తలుపు తాళం బిగుసుకుపోతే కబురొచ్చి వెళ్లాడు. రెండు చుక్కలు నూనె పోసి చెవి తిప్పితే తెరుచుకుంది. ఇంతోటి పనికి డబ్బులెందుకని వద్దన్నాడు. పోనీ ఊరుకున్నాడా? మా అమ్మాయి కీపరండీ అని గొప్పలు పోయాడు. ఆవిడెవరో అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఇక ఆ పూట నుంచి గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నాడు. వద్దన్న ఆ కూలి లంచం కింద జమ అయిందా? పిల్లని తీసుకున్నది ఆట చూసా, నూనె చుక్కలు చూసా? అన్నం సహించలేదు. ఆఖరికి, కూతురు జట్టుతో బయల్దేరాల్సిన రోజున, పనుందని ఇంట్లో చెప్పి సంచీ భుజాన వేసుకుని ఆ ఇంటికే వెళ్లాడు.

ఆవిడ ఆయన్ని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. ఆయన అడగాల్సింది తడబడుతూ అడిగాడు. ఆవిడకి కోపం రాలేదు గానీ, కుర్చీలో వెనక్కి వాలి ఆయన్ని ఎగాదిగా చూసింది.

“ఆ రోజు మీరేం చెప్పారో నాకు గుర్తులేదండీ. నాకు కావాల్సింది తలుపు తెరుచుకోవడం. మీ అమ్మాయి ఆట మేం ఏడాదిగా చూస్తున్నాం. పరుగులు తక్కువే, తిట్లు తప్పవని తెలిసే తీసుకున్నాం. బ్యాటు ఊపగానే, తగులుతుందిలే అని ఎంతటి కీపరైనా ఒక్క క్షణం నమ్ముతుంది. మీ అమ్మాయి నమ్మదు. ప్రతి బంతీ తన దాకా వస్తుందనే కాచుకుని ఉంటుంది. అది ఎవరు నేర్పారో గానీ, అందరికీ వచ్చేది కాదు.”

మెట్లు దిగుతూ కూడా ఆయన, ఇంత నున్నగా చెప్పిందంటే ముందే అనుకుని పెట్టుకుందేమో అనుకున్నాడు. వీధి మలుపు తిరిగాక కాళ్లు ఆగిపోయాయి. కొట్టు వెనక సందులో, పిల్ల ఇంకా నడుం ఎత్తు లేనప్పుడు, బావమరిది బ్యాటు ఊపుతుంటే తను రబ్బరు బంతి విసిరేవాడు. వెనక నుంచున్న పిల్లకి బంతి బంతికీ ఒకటే చెప్పేవాడు: వాడు కొడతాడని నమ్మకే, ఎవర్నీ నమ్మకు.

ఇంటికొచ్చేసరికి కూతురు పెట్టె సర్దుతోంది. ఎక్కడికెళ్లావని అడిగితే అబద్ధం నోటికి రాలేదు. అంతా చెప్పేశాడు. ఆమె చేతిలోని గ్లవ్స్ మంచం మీద పెట్టింది.

“టీవీవాళ్లు అడిగారు, వీధివాళ్లు అడిగారు. నువ్వు కూడా అడుగుతావనుకోలేదు నాన్నా.”

ఆయనకి ఏడుపొచ్చింది. “నీ మీద కాదమ్మా నా అనుమానం. మనింటికి మంచి వచ్చిందంటేనే నమ్మలేను. ఎక్కడో తిరకాసు ఉండే ఉంటుందని వెతుకుతాను.”

“ఆవిడ చెప్పాక నమ్మావా?”

“సగం,” అన్నాడు. ఉన్నమాట అంతే మరి.

“మరి నన్ను?”

బయట కారు హారన్ మోగింది. ఆయన పెట్టె మూత దించి, తను స్వయంగా ఏరి తెచ్చిన తాళం వేశాడు. గుమ్మంలో నిలబడ్డ భార్య ఆయన చేతులకేసే చూస్తోంది. కుడిచెయ్యి అలవాటుగా తాళం మీదికి వెళ్లింది, ఆగింది. ఆయన లాగి చూడలేదు. తాళంచెవి కూతురి అరచేతిలో పెట్టి గుప్పిట మూశాడు.

ఆమె వంగి తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకుంది.

“నీ అలవాటే నాన్నా,” అని పెట్టె ఎత్తుకుంది.